బధిరుల ఇళ్లలో పథ్యం: 'చక్కెర వద్దు' అన్న ఒక్క చీటీతో ఎనిమిదేళ్లు

కావలి కూతురు (కావలి), ఆదివారం రాత్రి 9.20

అందరికీ నమస్కారం. మా అమ్మ, నాయన ఇద్దరూ పుట్టుకతో బధిరులు. నాకు, మా తమ్ముడికి వినబడుతుంది. నాయన వయసు 58 ఏళ్లు, కావలిలో కుట్టుపని చేస్తారు. ఎనిమిదేళ్లుగా ఆయనకు చక్కెర జబ్బు ఉంది. రక్తంలోని చక్కెరకు మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 శాతం వస్తేనే జబ్బు కింద లెక్క కడతారు కదా, మొన్న నాయనకు 9.8 వచ్చింది. డాక్టరుగారు కాగితం చూసి, నాయన వైపు కాకుండా నా వైపు తిరిగి, "మీ నాన్నగారు నోరు కట్టుకోవడం లేదమ్మా" అన్నారు. పక్కనే కూర్చుని, ఏమన్నారని కళ్లతో అడుగుతున్న నాయనకు ఆ మాటను చేతులతో చెప్పడానికి నాకు మనసు రాలేదు.

ఎందుకంటే నాయన నోరు కట్టుకున్నారు. జబ్బు బయటపడిన రోజున ఆయన చేతికి వచ్చిన చీటీలో ఉన్నది రెండే మాటలు: 'చక్కెర వద్దు'. ఆ రోజు నుంచి ఆయన టీలో చక్కెర వేసుకోలేదు, దానికి బదులు బెల్లం వేసుకున్నారు. ఇన్ని సంక్రాంతులు గడిచినా అరిసె ముట్టలేదు. పెళ్లిళ్లలో మలై కాజా విస్తట్లో పడితే చెయ్యి అడ్డం పెట్టారు. కానీ పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం కంచం నిండా అన్నం, రాత్రి మళ్లీ అన్నం, మధ్యలో ఆకలైతే బొరుగులు. కడుపులోకి వెళ్లిన అన్నం కూడా చక్కెరగానే మారుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తప్పు ఒప్పుకుంటున్నాను, నేను కూడా చెప్పలేదు.

మరో సంగతి ఈ వారమే నాకు తట్టింది. మా ఇంట్లో ఈ జబ్బుకు మేము పెట్టుకున్న సైగ ఏమిటంటే, చూపుడువేలు పెదవికి తాకించి తీపి రుచి చూసినట్లు ముఖం పెట్టి, ఆ వెంటనే 'వద్దు' అని చెయ్యి అడ్డంగా ఊపడం. అంటే మా ఇంట జబ్బు పేరే 'తీపి వద్దు' అయిపోయింది. పేరులోనే పథ్యం అంత చిన్నదిగా ఇరుక్కుపోతే, నాయన దానిని దాటి ఎలా ఆలోచిస్తారు?

ఇప్పుడు నా భయం చేతుల గురించి. ఆరు నెలలుగా ఆయన వేళ్లు బిగుసుకుపోతున్నాయి. సూదిలో దారం ఎక్కించడానికి అమ్మను పిలుస్తున్నారు. సైగలు కూడా మునుపటంత విడివిడిగా రావడం లేదు, కొన్నిసార్లు అమ్మ రెండోసారి అడుగుతోంది. బధిరుల ఇళ్లలో పథ్యం నడిపిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సంజ్ఞ (ఒంగోలు), ఆదివారం రాత్రి 11.05

చెల్లెమ్మా, నేను బధిరురాలిని. వయసు 41. నాకు పుట్టుకతోనే వినబడదు. తెలుగు నాకు రెండవ భాష, సైగల భాష మొదటిది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మీ నాయనగారికి జరిగినది నాకూ జరిగింది. నాకు రక్తపోటు ఉంది. 'ఉప్పు తగ్గించు' అని రాసి ఇచ్చారు. నేను తగ్గించాను. కూరలో సగం వేశాను. కూర చప్పగా ఉండేది కాబట్టి పక్కన ఆవకాయ వేసుకున్నాను. అప్పడం వేయించుకున్నాను. ఊరమిరపకాయలు నంజుకున్నాను. మా అత్తగారిది సముద్రం ఒడ్డు ఊరు, ఎండుచేపలు సంచితో పంపేవారు. మూడేళ్లు అలా తిన్నాను. రక్తపోటు తగ్గలేదు. డాక్టరుగారు మందు పెంచారు. ఆవకాయలో ఉప్పు ఉందని నాకు తెలియదా? తెలుసు. కానీ 'ఉప్పు తగ్గించు' అంటే 'వంటలో ఉప్పు డబ్బా తక్కువ వాడు' అని నేను అర్థం చేసుకున్నాను. వినేవాళ్లకు ఈ మాట ఒక్కసారి అందదు. పక్కింటి పిన్నిగారు, టీవీ, బస్సులో ఎవరో మాట్లాడుకున్నది, అన్నీ కలిసి వందసార్లు చెవిన పడుతుంది. మాకు పడేది ఒక్క చీటీ.

నాకు దారి చూపినది ఒక లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు అని చెబుతుంది. అది దాదాపు ఒక చిన్న చెంచా. మా ఇంట్లో నలుగురం. రోజుకు 20 గ్రాములు. అంటే కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి. ప్యాకెట్ విప్పిన రోజు తేదీని దాని మీదే రాశాను. మొదటి ప్యాకెట్ 23 రోజులకే అయిపోయింది! పచ్చళ్లు, ఎండుచేపలు ఆ లెక్కలో లేనే లేవు. ఆ రోజు నేను ఖాళీ ప్యాకెట్ చేతిలో పట్టుకుని వంటింట్లో కూర్చుండిపోయాను. నాకు ఎవరూ సైగతో చెప్పలేనిది ఆ ప్యాకెట్ చెప్పింది.

ఇంకొక మాట, కోపం తెచ్చుకోకండి. 'నేను కూడా చెప్పలేదు' అని రాశారు. అది ఒప్పుకున్నందుకు గౌరవిస్తున్నాను. వినే పిల్లలు, వినే అన్నదమ్ములు మా కంచంలోంచి గిన్నె లాగేస్తారు, ఎందుకని అడిగితే 'తర్వాత చెప్తాను' అంటారు. నా జీవితంలో ఎక్కువసార్లు చూసిన సైగ అదే. ఆ 'తర్వాత' రాదు. నాయనగారి కంచానికి కాపలా పెట్టకండి. ఆయనకు కారణం చెప్పండి. పూర్తిగా, కూర్చుని, తొందర లేకుండా.

నర్సమ్మ (నెల్లూరు, విశ్రాంత నర్సు), సోమవారం ఉదయం 6.40

అమ్మాయీ, ముప్పై ఏళ్లు వార్డులలో పనిచేసిన దానిగా ముందుగా చేతుల సంగతి చెబుతాను, ఎందుకంటే నీ భయం అనవసరమైనది కాదు.

చక్కెర చాలా ఏళ్లు ఎక్కువగా ఉంటే వేళ్ల కీళ్ల చుట్టూ ఉండే కణజాలం, చర్మం మందంగా, బిరుసుగా మారతాయి. నాయనగారిని నమస్కారం పెట్టమను. రెండు అరచేతులూ, వేళ్లూ చదునుగా ఒకదానికొకటి ఆనాలి. వేళ్ల మధ్య సందు మిగిలిపోయి అవి పూర్తిగా కలవకపోతే, ఆ బిరుసు మొదలైందని అర్థం. డాక్టర్లు చేసే పరీక్ష కూడా ఇదే. ఇది కాక నరాలు దెబ్బతిని వచ్చే తిమ్మిరి వేరు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం వేరు, కుట్టుపని వారికి అది కూడా రావచ్చు. చక్కెర జబ్బుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ బిళ్ల ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 విటమిన్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కడం ఇంకొకటి. బీ12 పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలో ఉంటుంది, కూరగాయలలో ఉండదు. ఈసారి రక్తం ఇచ్చేటప్పుడు బీ12 కూడా చూడమని అడుగు. ఇవన్నీ ఒకేలా కనబడతాయి కానీ ఒక్కొక్కదానికి చేయవలసినది వేరు, కాబట్టి నువ్వే ఒక నిర్ణయానికి రాకుండా డాక్టరుగారికి చేతులు చూపించాలి.

రెండవది కళ్లు. మనకు చూపు తగ్గితే మాట మిగులుతుంది. మీ అమ్మానాన్నలకు చూపే వినికిడి. నాయనగారిలా పెద్దయ్యాక వచ్చే రకం చక్కెర జబ్బు ఉన్నవారికి, జబ్బు బయటపడిన నాటి నుంచే ఏటా కంటి వెనక పొర పరీక్ష జరగాలి, చూపు బాగానే ఉందనిపించినా సరే. అయితే ఆ పరీక్షకు కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు, ఆ తరువాత కొన్ని గంటలపాటు దగ్గరివన్నీ మసకగా కనబడతాయి, వెలుతురు చూడలేరు. చుక్కలు వేశాక "అలా చూడండి, ఇలా చూడండి" అని చెబితే బధిరుడికి ఏమి అర్థమవుతుంది? సైగ కూడా మసకే. మా వార్డులో ఒకాయన బెదిరిపోయి లేచి వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. అందుకని ఏమి చేయబోతున్నారో మొత్తం చుక్కలకు ముందే చెప్పించు, భుజం మీద ఒకసారి తడితే పైకి, రెండుసార్లు తడితే కిందికి అని గుర్తులు ముందే కుదుర్చుకో.

ఆహారం దగ్గరికి వస్తే, ఒక హెచ్చరిక. నువ్వు ఉత్సాహం కొద్దీ రేపటి నుంచే అన్నం సగానికి కోసెయ్యవద్దు. నాయనగారు గ్లిమెపిరైడ్ వంటి బిళ్ల కానీ ఇన్సులిన్ కానీ వాడుతుంటే, తిండి తగ్గి మందు అలాగే ఉంటే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. డాక్టరుగారికి చెప్పి, మందునూ తిండినీ కలిపి సర్దుకోవాలి.

చీమకుర్తి తమ్ముడు (చీమకుర్తి), సోమవారం మధ్యాహ్నం 1.15

నర్సమ్మగారు చెప్పినది నిజం. నేను బధిరుడిని, 26 ఏళ్లు. రాళ్ల పాలిష్ పనిలో ఉన్నాను. పన్నెండేళ్ల వయసు నుంచి ఇన్సులిన్ తీసుకుంటున్నాను.

రెండేళ్ల క్రితం ఒక పెద్ద ఆసుపత్రిలో పరగడుపు రక్తానికి వెళ్లాను. టోకెన్ ఇచ్చారు. నంబరు నోటితో పిలిచారట. నాకు ఎలా తెలుస్తుంది? పదకొండు గంటల దాకా కూర్చున్నాను. ఇంటి దగ్గర ఇన్సులిన్ వేసుకుని వచ్చాను, అది నా తప్పు. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. కిటికీ దగ్గరికి వెళ్లి సైగ చేశాను. చేతులు వణికితే మా భాష ముద్దగా అవుతుంది, నోటి మాట తడబడినట్లే. కాపలా మనిషి నేను తాగానని అనుకుని బయటికి తోశాడు. గేటు దగ్గర చెరకురసం బండి ఆయన నన్ను చూసి ఒక గ్లాసు ఇచ్చాడు. దానివల్ల లేచాను.

ఇప్పుడు నా చొక్కా జేబులో అట్ట ఉంటుంది. 'నేను బధిరుడిని. నాకు చక్కెర జబ్బు ఉంది. వణుకుతూ కనబడితే తాగినట్లు కాదు, తీపి నీళ్లు ఇవ్వండి' అని పెద్ద అక్షరాలతో రాయించాను. టోకెన్ ఇచ్చేవారికి కూడా అదే అట్ట చూపిస్తాను, నా నంబరు వస్తే చెయ్యి ఊపమని అడుగుతాను. రాత్రి కోసం చేతికి వణికే గడియారం పెట్టుకుని, మూడు గంటలకు లేచి ఒకసారి చూసుకుంటాను.

నర్సమ్మ (నెల్లూరు), సోమవారం మధ్యాహ్నం 2.30

నాయనా, ఆ చెరకురసం ఆయనకు చేతులెత్తి నమస్కారం. అందరికీ పనికివస్తుంది కనుక అంకెలు రాస్తాను. డెసిలీటరు రక్తానికి 70 మిల్లీగ్రాముల కంటే చక్కెర తగ్గితే, వెంటనే 15 గ్రాముల తీపి, అంటే సుమారు మూడు నాలుగు చిన్న చెంచాల చక్కెరను నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల తరువాత మళ్లీ చూసుకోవాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ తాగాలి. తేరుకున్నాక ఏదైనా తినాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, 108కి ఫోను చేయాలి. 'చక్కెర వద్దు' అని మాత్రమే నేర్చుకున్న మనిషి, చక్కెర ప్రాణం నిలిపే ఘడియలో కూడా దానిని వద్దంటాడు. కాబట్టి అమ్మాయీ, మీ నాయనగారికి ఈ రెండవ సగం కూడా తప్పకుండా చెప్పాలి.

మెట్ట పంటలు (కొండపి), సోమవారం రాత్రి 8.00

ఇన్ని చిక్కులు ఎందుకండీ? మా తాతలు రాగి సంగటి, సజ్జ రొట్టె, కొర్రన్నం తిని తొంభై ఏళ్లు బతికారు. మూగవాళ్లయినా, మాటలు వచ్చినవాళ్లయినా కడుపు ఒక్కటే. తెల్లన్నం మానేసి పొద్దున రాగిజావ, మధ్యాహ్నం సంగటి పెట్టండి. ఆరు నెలలలో బిళ్లలు కూడా మానేయవచ్చు.

సంజ్ఞ (ఒంగోలు), సోమవారం రాత్రి 8.50

అన్నయ్యా, మంచి మనసుతో రాశారని తెలుసు. 'మూగవాళ్లు' అనవద్దు. మాకు భాష ఉంది. మేము చేతులతో మాట్లాడుకుంటాము. 'బధిరులు' అనండి, చాలు.

నర్సమ్మ (నెల్లూరు), సోమవారం రాత్రి 9.30

కొండపి అబ్బాయీ, మెట్ట పంటలు మంచివే, నేనూ ఒప్పుకుంటాను. రాగులలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పీచు ఉంటుంది, కొర్రలు కూడా మేలైనవే. అయితే రాగులను మెత్తగా విసిరి పలచటి జావ కాస్తే అది చాలా వేగంగా అరిగి, చక్కెరను వేగంగానే పెంచుతుంది. సంగటి ముద్ద పెద్దదైతే అందులోని పిండిపదార్థం కూడా పెద్దదే. ధాన్యం మార్చినా ముద్ద పరిమాణం మారకపోతే ప్రయోజనం కొంతే. తిండి బాగుపడ్డాక కొందరికి డాక్టర్లే మందు తగ్గిస్తారు, అది వారు అంకెలు చూసి చేసే పని. 'బిళ్లలు మానేయవచ్చు' అన్న మాటను దయచేసి వెనక్కి తీసుకోండి. వినే మనుషులైతే మరో నలుగురిని అడిగి సరిచూసుకుంటారు. సంజ్ఞ చెప్పినట్లు ఒక్క చీటీయే అందే మనిషికి ఈ వాక్యమే ఆ చీటీ అయితే ఏమవుతుంది?

మెట్ట పంటలు (కొండపి), సోమవారం రాత్రి 10.10

తప్పయింది, ఆ రెండు మాటలూ వెనక్కి తీసుకుంటున్నాను. సంజ్ఞ చెల్లెమ్మ మన్నించాలి. మా మేనత్త కొడుకు కూడా బధిరుడే. ఇన్నేళ్లలో వాడు ఏమి తింటున్నాడో, ఎందుకు తింటున్నాడో నేను ఒక్కసారి కూడా అడగలేదని మీరంతా రాస్తుంటే గుర్తుకు వస్తోంది.

పొదిలి ఆడపడుచు (పొదిలి), మంగళవారం ఉదయం 10.45

మా అన్న బధిరుడు, 49 ఏళ్లు, మూత్రపిండాల జబ్బు నాలుగవ దశలో ఉన్నాడు. ఆరోగ్యానికి మంచిదని వినేవాళ్లు చెప్పేవన్నీ ఈ జబ్బులో తలకిందులవుతాయి, దానిని సైగలలో చెప్పడం ఎంత కష్టమో రాయాలనిపించింది.

కొబ్బరినీళ్లు, అరటిపండు మంచివని చిన్నప్పటి నుంచి మేమే అన్నకు నేర్పాము. ఇప్పుడు వాటిలోని పొటాషియం అతనికి ప్రమాదం, అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. రక్తపోటు కోసమని బజారులో దొరికే సోడియం తగ్గించిన ఉప్పు తెచ్చాము. ఆ ఉప్పులో సోడియం స్థానంలో ఉండేది పొటాషియమేనని ఆహార నిపుణురాలు చెప్పేదాకా మాకు తెలియదు. రాగులు, గింజధాన్యాలు కూడా భాస్వరం ఎక్కువని కొలిచి పెట్టమన్నారు. కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. 'ఇంతకాలం మంచిది అన్నావు, ఇప్పుడు చెడ్డది అంటున్నావు, ఏది అబద్ధం?' అని అన్న సూటిగా అడిగాడు. నేను బొమ్మ గీశాను. మూత్రపిండాన్ని జల్లెడలా గీసి, మంచి జల్లెడలోంచి చుక్కలు కిందికి పోతున్నట్లు, పూడిపోయిన జల్లెడ మీద అవే చుక్కలు కుప్ప పడినట్లు చూపించాను. చుక్క మంచిదే, జల్లెడ పూడింది. అన్న ఆ కాగితం తీసుకుని గోడకు అంటించుకున్నాడు.

మా ప్రాంతం వారికి మరో మాట. 1937లోనే వైద్యులు అప్పటి నెల్లూరు జిల్లాలో తాగేనీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను నమోదు చేశారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మా పొదిలి ఆ జిల్లాలోనే ఉండేది. ఒంట్లోని ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది మూత్రపిండాలే కాబట్టి, అవి దెబ్బతిన్న మనిషికి బోరునీళ్లు ఇంకా ఎక్కువ చేటు చేస్తాయి. తాగే నీళ్లే కాదు, ఎసటి నీళ్లు కూడా మంచివి వాడుతున్నాము, ఎందుకంటే ఆ నీళ్లన్నీ అన్నంలోకే ఇంకుతాయి.

గూడూరు చదువరి (గూడూరు), మంగళవారం సాయంత్రం 5.20

పొదిలి అక్కయ్యగారి మాట చదివాక ఒక సందేహం. మా అమ్మకు, పెద్దమ్మకు ముప్పై అయిదు దాటాక వినికిడి తగ్గుతూ వచ్చింది, ఆ తరువాత చక్కెర వచ్చింది. ఇద్దరూ సన్నగానే ఉంటారు. నాకూ ఈమధ్య ఫోనులో మాట సరిగా వినబడడం లేదు. ఇది తిండి వలన వచ్చినదేనా?

నర్సమ్మ (నెల్లూరు), మంగళవారం రాత్రి 7.10

అమ్మా, దీనిని తేలికగా తీసుకోవద్దు. తల్లి నుంచి పిల్లలకు మైటోకాండ్రియా (కణాలలో శక్తిని తయారుచేసే భాగాలు) ద్వారా సంక్రమించే ఒక రకం చక్కెర జబ్బు ఉంది, అది అరుదైనదే కానీ వినికిడి లోపంతో కలిసి వస్తుంది. అందులో మెట్‌ఫార్మిన్‌ను సాధారణంగా వాడరు. అలాగే ఆల్‌పోర్ట్ అనే వంశపారంపర్య జబ్బులో మూత్రపిండాలూ వినికిడీ రెండూ దెబ్బతింటాయి. మీకు అవే ఉన్నాయని నేను అనడం లేదు, మామూలు చక్కెర జబ్బులో కూడా వినికిడి తగ్గడం కనబడుతుంది. కానీ మీ అమ్మవైపు ఎవరెవరికి ఏ వయసులో ఏమి వచ్చిందో ఒక కాగితం మీద వంశవృక్షంలా గీసి డాక్టరుగారికి చూపండి. ఇటువంటి ఇళ్లలో పథ్యం తప్పారని మనుషులను నిందించే ముందు ఆ చెట్టును చూడాలి.

పెన్న ఒడ్డు (నెల్లూరు), మంగళవారం రాత్రి 9.00

మా చెల్లెలు బధిరురాలు, చక్కెర జబ్బు కూడా ఉంది. రంజాన్ ఉపవాసాల విషయంలో మా ఇంట్లో ఏటా కన్నీళ్లే. మేము ఉండవద్దంటే, తనను వేరు చేశామని బాధపడేది. పోయిన ఏడు నెలముందే డాక్టరుగారి దగ్గర కూర్చుని, మందుల వేళలు మార్పించుకుని, 70 కంటే తగ్గినా 300 దాటినా ఆ రోజు ఉపవాసం విడవాలని తనే కాగితం మీద రాసుకుంది. సహరీకి, అంటే తెల్లవారకముందు తినే భోజనానికి, తెల్లన్నం బదులు గుడ్లు, పప్పు, గోధుమ రొట్టె తింది. రెండు రోజులు విడవవలసి వచ్చింది, తనంతట తానే మీటరు చూసి విడిచింది. మేము ఒక్క మాట అనలేదు.

కావలి కూతురు (కావలి), నెల తరువాత, ఆదివారం రాత్రి 8.30

ఇన్ని జవాబులకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. జరిగినది రాస్తాను.

ముందుగా డాక్టరుగారి దగ్గరికి మళ్లీ వెళ్లాము. ఈసారి నేను కుర్చీని వెనక్కి జరుపుకుని, నాయనను ఎదురుగా కూర్చోబెట్టి, "మీరు ఆయనతోనే మాట్లాడండి, నేను చేతులతో చెబుతాను" అన్నాను. బిళ్లలు కొద్దిగా మార్చారు. నమస్కారం పెట్టించి చూశారు. చిటికెన వేళ్ల దగ్గర సందు ఉంది. వేడినీళ్లలో చేతులు ఉంచి వేళ్లు చాపే కసరత్తులు చెప్పారు. బీ12 కూడా తక్కువే ఉందట, మందు రాశారు. కంటి పరీక్షకు ముందు భుజం తట్టే గుర్తులు కుదుర్చుకున్నాము, కంటి వెనక మార్పులు మొదటి దశలోనే ఉన్నాయన్నారు.

ఆ ఆదివారం నాయన ఎప్పటిలాగే వడ్డించుకున్నాక, కంచంలోని అన్నాన్ని త్రాసు మీద పెట్టాను. 520 గ్రాములు ఉంది. వండిన అన్నంలో 100 గ్రాములకు సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కాబట్టి, మొత్తం దాదాపు 145 గ్రాములు. పక్కన ఖాళీ కంచం పెట్టి, చిన్న చెంచాతో చక్కెర ఒక్కొక్కటిగా పోశాను, నాయన వేళ్ల మీద లెక్కపెట్టారు. చెంచాకు సుమారు నాలుగు గ్రాముల లెక్కన ముప్పై ఆరు చెంచాలు. పదిహేను దాటాక ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు, పొరపాటున ఎక్కువ పోస్తున్నానేమోనని. తప్పు కాదని చెప్పి చివరిదాకా పోశాను. ఆ తెల్లటి కుప్పను, ఈ తెల్లటి అన్నాన్ని మార్చి మార్చి చూస్తూ ఆయన చాలాసేపు కదలలేదు. తరువాత అడిగిన మొదటి ప్రశ్న, 'ఎనిమిదేళ్లు ఎందుకు చెప్పలేదు?' నా దగ్గర సమాధానం లేదు. క్షమించమని అడిగాను. సంజ్ఞ అక్కయ్యా, మీరు అన్న 'తర్వాత' ఆ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది.

ఇప్పుడు కొలత అంతా చేతులలోనే ఉంది. అన్నం ఒక పిడికిలి, పప్పో చేపో గుడ్డో అరచేయంత, కూరలు రెండు దోసిళ్లు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలనే చెబుతుంది. చేతులతోనే మాట్లాడే మనుషులకు ఈ కొలతలు ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు, పిడికిలి చూపితే అది మాట, కొలత రెండూ అయింది. పొట్లకాయ, సొరకాయ, అలసందల కూరలు ముందు తిని, అన్నం చివర తింటున్నారు. అలా తింటే చక్కెర నెమ్మదిగా ఎక్కుతుందని ఆయన నమ్మలేదు. రెండు రోజులు రెండు విధాలుగా తిని, రెండు గంటల తరువాత మీటరులో చూసుకున్నారు: ఒక రోజు 238, మరుసటి రోజు 181. ఎవరి నోటి మాటతోనూ పని లేకుండా ఆ పెట్టె ఆయనతో నేరుగా మాట్లాడింది. చేపల పులుసు మానలేదు, పులుసులో కలుపుకునే అన్నం తగ్గింది.

అమ్మ సంగతి ఒకటి రాయాలి. కుక్కరు ఈలలు అమ్మకు వినబడవు కాబట్టి, మెత్తగా ఉడికిందో లేదోనన్న భయంతో ఎప్పుడూ ఎక్కువసేపే ఉంచేది, అన్నం ముద్దగా వచ్చేది. ఎంత మెత్తగా ఉడికితే అంత వేగంగా అరుగుతుందని చెప్పాక, అమ్మ ఇప్పుడు పొయ్యి ఎదుట పీట వేసుకుని, బరువు లేచిన ప్రతిసారీ ఒక చింతగింజను పక్కకు జరుపుతోంది. రెండు గింజలు కాగానే మంట ఆపుతుంది. కొన్నాళ్లకు కుక్కరు మాని, తపేలాలో ఎసరు పెట్టి గంజి వారుస్తోంది. మెతుకు మెతుకు విడిగా వస్తోందని ఆమెకు ఎంతో సంతోషం.

సంజ్ఞ (ఒంగోలు), నెల తరువాత, ఆదివారం రాత్రి 9.15

చదివి ఏడ్చాను. ఇది మంచి ఏడుపు. ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో విడుదల చేసిన నిఘంటువులో పదివేల పదాలు ఉన్నాయి, వైద్యం మాటలు కూడా ఉన్నాయి. వీడియోలు చూడవచ్చు. కానీ పెద్దవాళ్లకు ఇంటి సైగలే అలవాటు. రెండూ పక్కపక్కన చూపించండి. ఒకటి అడుగుతాను, మీ ఇంట్లో జబ్బుకు ఇప్పుడు కూడా పాత సైగేనా?

కావలి కూతురు (కావలి), నెల తరువాత, ఆదివారం రాత్రి 10.00

లేదు అక్కయ్యా, నాయనే మార్చారు. ఇప్పుడు చూపుడువేలి కొనను సూదితో పొడిచినట్లు చేసి, ఆ వేలితోనే గాలిలో మెట్లు ఎక్కినట్లు చూపిస్తారు. మీటరులో అంకె మంచిగా వచ్చిన రోజు అవే మెట్లు దిగినట్లు చూపిస్తారు. అమ్మ కూడా అదే వాడుతోంది.

వచ్చే ఆదివారం నాయన స్నేహితులు అయిదు కుటుంబాల వారు మా ఇంటికి వస్తున్నారు, అందరూ బధిరులే, వారిలో ముగ్గురికి చక్కెర, ఒకరికి రక్తపోటు. ఎవరి కంచం వారు తెచ్చుకోవాలని నాయన కబురు పెట్టారు. చక్కెర కిలో ప్యాకెట్, చెంచా, త్రాసు మా ఇంట్లో ఉన్నాయి. సంజ్ఞ అక్కయ్యా, మీ తేదీ రాసిన ఉప్పు ప్యాకెట్ ఖాళీది ఉంటే దాని ఫొటో పంపగలరా? నాయన అడుగుతున్నారు.

సంజ్ఞ (ఒంగోలు), నెల తరువాత, ఆదివారం రాత్రి 10.10

ఫొటో ఎందుకు? ఆ ఆదివారం ఉదయం రైలుకు నేనే వస్తాను. మూడు ప్యాకెట్లు దాచాను: 23 రోజులది, 38 రోజులది, 54 రోజులది.